‘విషయం’ దగ్గరే సగం అర్జీ

సోమవారం వచ్చిందంటే విజయనగరం జిల్లా చీపురుపల్లిలో అర్జీల రోజు. రాష్ట్రమంతటా కలెక్టరేట్లలో, డివిజన్, మండల కార్యాలయాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఇక్కడా జనం కాగితాలు పట్టుకుని వస్తారు. ఆ కాగితం నమూనా అందరికీ తెలిసిందే. పైన ఊరు, తేదీ. తరువాత ‘తహసీల్దారు గారి దివ్య సముఖమునకు’. ఆ కింద ‘ఆర్యా’. దాని తరువాత ఒక చిన్న పంక్తి, ‘విషయం’. మిగతా పేజీన్నర ‘విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలై సంతకంతోనో వేలిముద్రతోనో ముగుస్తుంది.

రాసేవాళ్లు శ్రద్ధ పెట్టేది ఆ పేజీన్నర మీద. చదివేవాళ్ల కన్ను మొదట పడేది ఆ ఒక్క పంక్తి మీద. చాలాసార్లు అర్జీ ఏ బల్ల మీదికి వెళ్లాలో తేలిపోయేది కూడా అక్కడే.

ఇద్దరు రైతులు ఒకే ఇబ్బందితో వచ్చారనుకుందాం. ఆన్‌లైన్ భూమి రికార్డు వెబ్‌ల్యాండ్‌లో ఇద్దరికీ భూమి తక్కువ పడింది. మొదటాయన కాగితంలో ఇలా ఉంది: ‘విషయం: నాకు జరిగిన అన్యాయంపై తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థించుట గురించి.’ రెండో ఆయన కాగితంలో ఇలా ఉంది: ‘విషయం: వెబ్‌ల్యాండ్‌లో 1.20 ఎకరాలకు బదులు 0.20గా పడిన నా జిరాయితీ భూమి విస్తీర్ణం సవరణ కోసం.’

మొదటి పంక్తి పింఛను ఆగిపోయిన ముసలమ్మకూ సరిపోతుంది, గట్టు తగాదాకూ సరిపోతుంది, కులధ్రువపత్రం అందని విద్యార్థికీ సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే శీర్షిక దేనికీ పనికిరాదు. రెండోది చదవగానే ఏ శాఖ, ఏ రికార్డు, ఏ అంకెలో తేడా, ఏం చేయాలి అన్న నాలుగూ తెలిసిపోతాయి. లోపలి పేజీన్నర ఇక వాటికి సాక్ష్యంగా ఉంటే చాలు.

ఇది ఒట్టి రాతలో నేర్పు సంగతి కాదు. శీర్షిక మనిషి బుర్ర మీద, కంప్యూటరు మీద ఎలా పనిచేస్తుందో శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లకు పైగా పరీక్షించి చూస్తున్నారు.

ముందే చెబితేనే బుర్రకెక్కుతుంది

1972లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఒక చిన్న పేరా తయారుచేశారు. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. వస్తువుల్ని కుప్పలుగా విడదీయాలి, అక్కడ వసతి లేకపోతే ఇంకోచోటికి వెళ్లాలి, ఒకేసారి మరీ ఎక్కువ పెట్టుకోకూడదు, పని అయ్యాక ఎక్కడివక్కడ సర్దుకోవాలి, కొన్నాళ్లకు మళ్లీ ఇదే పని మొదలు. అందులో ఉన్నది దాదాపు ఇంతే. ఏ వాక్యానికి ఆ వాక్యం అర్థమవుతుంది. మొత్తం కలిపి ఏం చెబుతున్నారో మాత్రం అంతుబట్టదు. నిజానికి అది బట్టలు ఉతుక్కోవడం గురించి.

విన్నవాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సంగతేమిటో చెప్పనేలేదు. ఇంకో జట్టుకు పేరా విన్న తరువాత చెప్పారు. మూడో జట్టుకు వినకముందే చెప్పారు. ఆ తరువాత గుర్తున్నంత రాయమన్నారు. పేరాలో ఉన్న 18 అంశాల్లో మొదటి జట్టు సగటున 2.82 రాసింది. తరువాత చెప్పిన జట్టు 2.65 దగ్గర ఆగిపోయింది. ముందే చెప్పిన జట్టు 5.83 రాసింది.

రెండో జట్టు సంగతి చూడండి. విషయం వాళ్లకూ తెలిసింది. కానీ ఆలస్యంగా తెలిసింది. అసలు తెలియనివాళ్ల కన్నా వాళ్లకు ఒరిగిందేమీ లేదు. పేజీన్నర రాసి చివరి పేరాలో ‘కావున నా విస్తీర్ణం సవరించగలరు’ అని తేల్చే అర్జీలు చదివేవాళ్లను ఈ రెండో జట్టులోనే కూర్చోబెడతాయి.

కారణం మన జ్ఞాపకశక్తి పనితీరులో ఉంది. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగినవి దాదాపు నాలుగు ముక్కలేనని నెల్సన్ కోవన్ 2001లో చాలా ప్రయోగాల్ని పోల్చి చూసి లెక్కగట్టాడు. కొత్తగా వచ్చే ప్రతి వాక్యాన్నీ మనసు అప్పటికే తెలిసిన ఏదో ఒక చట్రంలో ఇరికించుకుంటుంది. శీర్షిక ఆ చట్రాన్ని ముందుగానే తెరిచి పెడుతుంది. గోడకు చిలక్కొయ్య ఉంటే వచ్చిన బట్ట వచ్చినట్టు తగిలించుకోవచ్చు, లేకపోతే అన్నీ చేతుల్లోనే మోయాలి. నాలుగు దాటితే ఏదో ఒకటి జారిపోతుంది.

తప్పు శీర్షిక చేసే చెరుపు

శీర్షిక స్పష్టంగా ఉంటే సరిపోదు, నిజమూ కావాలి. ఒకే పాఠానికి వేరువేరు శీర్షికలు పెట్టి చదివించి చూశాడు ఎలీ కోజ్‌మిన్‌స్కీ, 1977లో. చదివింది ఒకటే అయినా, ఎవరికి ఏ శీర్షిక ఇచ్చారో ఆ వైపు సంగతులే వాళ్లకు ఎక్కువగా గుర్తున్నాయి. శీర్షిక పాఠాన్ని మార్చలేదు, చదివేవాళ్ల జల్లెడను మార్చింది.

2014లో వెస్ట్రన్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో ఉల్రిచ్ ఎకర్ బృందం ఇంకాస్త ముందుకు వెళ్లింది. వాళ్లు వాడిన వార్తల్లో ఒకటి దొంగతనాల లెక్కల గురించి. ఏడాదిలో కొద్దిగా పెరిగాయి, పదేళ్ల లెక్క చూస్తే బాగా తగ్గాయి. ‘పెరుగుతున్న దొంగతనాలు’ అన్న శీర్షికలో అబద్ధం లేదు, అలాగని వార్త మొత్తం చెప్పే సంగతి అదీ కాదు. ఇలా లోపలి సారానికి పక్కగా నడిచే శీర్షికలు పాఠకుల జ్ఞాపకాన్ని, చదివినదాన్నిబట్టి వాళ్లు తేల్చుకునే నిర్ణయాల్ని పక్కదారి పట్టిస్తాయని ఆ ప్రయోగాలు తేల్చాయి. లోపల సరైన వివరమంతా ఉన్నా, మొదట పడిన ముద్రను చెరుపుకోవడం చదివేవాళ్లకు కష్టమే.

దీన్ని మన ఊరి చెరువు దగ్గరికి తెద్దాం. గట్టుకు రెండు చోట్ల గండి పడింది. పక్క పొలం ఆసామి మీద అనుమానం ఉంది. ‘విషయం: చెరువు ఆక్రమణ గురించి’ అని రాస్తే కాగితం రెవెన్యూ వైపు నడుస్తుంది, సర్వేయరు గొలుసు పట్టుకుని హద్దులు చూడ్డానికి వస్తాడు. ‘విషయం: చెరువు గట్టుకు రెండు చోట్ల గండి, నీరు పోకుండా మరమ్మతు కోసం’ అని రాస్తే నీటిపారుదల వాళ్లకు చేరుతుంది. ఆక్రమణ నిజమే అయితే దానికి వేరే అర్జీ పెట్టుకోవచ్చు. ఈలోగా వాన పడితే నీళ్లు మాత్రం మన హద్దుల కోసం ఆగవు.

ఇందులో ఒక సూత్రం ఉంది. కంటికి కనిపించింది శీర్షికలో పెట్టాలి, మన ఊహను లోపల పెట్టాలి. వైద్యులు పాటించేదీ ఇదే. కేసు షీటులో మొదట రాసేది రోగి చెప్పిన బాధ, అది ఎన్నాళ్లుగా ఉందన్నది: ‘మూడు రోజులుగా చలి జ్వరం.’ అది మలేరియానా కాదా అన్నది రక్తపరీక్ష తరువాతి మాట. ముందే ‘మలేరియా’ అని రాసేస్తే మిగతావాళ్లు కూడా మలేరియానే వెతుకుతారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఈ జాగ్రత్తకు పెద్ద ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తున్న జబ్బును వైద్యశాస్త్రం ‘కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి’ అని పిలుస్తోంది. బోరు నీళ్లలో సిలికా మీద, పురుగుమందుల మీద, ఎండలో చెమటోడ్చే పని మీద అనుమానాలున్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ పేరులోకి ఎక్కించలేదు. ‘నీటి జబ్బు’ అని పేరు పెట్టి ఉంటే పరిశోధనంతా నీళ్ల చుట్టూనే తిరిగే ప్రమాదం ఉండేది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం కూడా శీర్షికలో కచ్చితత్వమే.

ఏ చీపురుపల్లి?

‘చీపురుపల్లిలో రోడ్డు బాగోలేదు’ అంటే చీపురుపల్లి వాళ్లకు అనుమానమే రాదు. కానీ అనకాపల్లి జిల్లా పరవాడ మండలంలో వాడచీపురుపల్లి ఉంది. రాతలో ఆ ‘వాడ’ కాస్తా రాలిపోయిందంటే ఒక జిల్లా రోడ్డు ఇంకో జిల్లా ఇంజినీరు బల్ల మీదికి చేరుతుంది. కొత్తవలస అంటే మండల కేంద్రమూ కావచ్చు, నాలుగు వీధుల పల్లె కూడా కావచ్చు. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. చీపురుపల్లి కొత్తగా రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పాత అలవాటు కొద్దీ ‘శ్రీకాకుళం జిల్లా రాజాం’ అని రాస్తే ఊరు సరైనదే, దారే తప్పు.

తపాలా శాఖకు ఈ తలనొప్పి చాలా పాతది. ఒకే పేరున్న ఊళ్లు, ఒకే ఊరికి నాలుగు రకాల స్పెల్లింగులు, పదిరకాల లిపులు. దానికి విరుగుడుగా 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడ్ వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పద్ధతి అది. చీపురుపల్లి పిన్ 535128. మొదటి అంకె 5 దక్షిణాదిలో ఒక పెద్ద ప్రాంతాన్ని చూపిస్తుంది. రెండో అంకె దాన్ని ఇంకా తగ్గిస్తుంది. మూడోదాంతో విజయనగరం వైపు సార్టింగ్‌కు చేరతాం. చివరి మూడు అంకెలు ఫలానా పోస్టాఫీసును పట్టిస్తాయి. సార్టింగ్ చేసేవాళ్లకు కవరు చించి ఉత్తరం చదవాల్సిన పని లేదు. ప్రతి అంకె కొన్ని దారులు మూసి ఒక దారి తెరుస్తుంది.

మంచి శీర్షికలో ప్రతి మాటా ఆ పని చేయాలి. ‘సమస్య’ అన్న మాట ఒక్క దారీ మూయదు. ‘పింఛను’ అన్న మాట డజన్ల శాఖల్ని పక్కన పెట్టేస్తుంది. ‘జూన్ నుంచి ఆగిన వితంతు పింఛను’ అంటే దాదాపు గమ్యం చేరినట్టే.

సమాచార హక్కు చట్టం, 2005 తప్పు చిరునామాను కొంత మన్నిస్తుంది. 6(3) సెక్షన్ ప్రకారం తనకు సంబంధం లేని దరఖాస్తు వస్తే ఆ కార్యాలయం ఐదు రోజుల్లోగా సరైన చోటికి బదిలీ చేయాలి. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదని 6(2) చెబుతోంది. కాబట్టి ఆ దరఖాస్తు ‘విషయం’లో మన గోడు అక్కర్లేదు. ఏ పని, ఏ ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ కాగితం నకలు కావాలి అన్నవి చాలు.

కంప్యూటరు ఏ మాటను పట్టుకుంటుంది?

ఇప్పుడు అర్జీ కాగితం మీద ఉన్నా దాని జాడ ఆన్‌లైన్‌లో ఉంటుంది. వెతికితే దొరకాలి. వెతుకులాటలో ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో ఒక తేలికైన లెక్క చెప్పింది. మొత్తం పత్రాల సంఖ్యను ఆ మాట ఉన్న పత్రాల సంఖ్యతో భాగించి లాగరిథమ్ తీయాలి.

వెయ్యి అర్జీలున్నాయనుకోండి. ‘సమస్య’ అన్న మాట వెయ్యింటిలోనూ ఉంది. వెయ్యిని వెయ్యితో భాగిస్తే ఒకటి, దాని లాగ్ సున్నా. అంటే ఆ మాట బరువు సున్నా. ‘పింఛను’ వందింటిలో ఉంటే బరువు 1. చెరువు ‘మదుము’ (తూము) పదింటిలోనే ఉంటే బరువు 2. ‘తగు చర్య’, ‘న్యాయం’, ‘ప్రార్థన’ అన్న మాటలు ఎంత గౌరవంగా ఉన్నా యంత్రం లెక్కలో వాటి బరువు సున్నాకు దగ్గరే. ఈ ఆలోచన ఆ తరువాత వచ్చిన వెతుకులాట వ్యవస్థలకు పునాదుల్లో ఒకటైంది.

అంతకుముందే, 1950ల చివర్లో ఐబీఎం ఇంజినీరు హాన్స్ పీటర్ లూన్ వ్యాసాల శీర్షికల్లోని ముఖ్యమైన మాటల్ని యంత్రంతో అక్షరక్రమంలో పేర్చి సూచికలు తయారుచేయించాడు. వ్యాసం లోపల ఎంత గొప్ప సంగతి ఉన్నా, శీర్షికలో ఆ మాట లేకపోతే సూచికలో దొరకదు. వైద్య పరిశోధనల్లో నేటికీ ఈ పట్టింపు ఉంది. యాదృచ్ఛికంగా జట్లు చేసి జరిపిన పరీక్ష అయితే ఆ మాట శీర్షికలోనే ఉండాలని కన్సార్ట్ మార్గదర్శకాలు చెబుతాయి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసిన వ్యాసం శీర్షిక చూడండి. తెలుగులో చెప్పుకుంటే ‘రంగును బట్టి భాస్వరాన్ని కొలవడం’. ఏ పదార్థమో ఉంది, ఏం చేస్తున్నారో ఉంది, ఏ పద్ధతో ఉంది. ‘అద్భుతం’ లేదు, ‘విప్లవం’ లేదు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో నిలిచింది. గొప్పతనం పనిలో ఉన్నప్పుడు శీర్షిక కేకలు వేయనక్కర్లేదు.

కథలకు ఈ నియమం వర్తించదు. విజయనగరం గురజాడ ‘దిద్దుబాటు’ గానీ, శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ గానీ పేరు చూసి లోపలేముందో చెప్పలేం. చెప్పలేకపోవడమే అక్కడ అందం. కథ పాఠకుణ్ని లోపలికి రమ్మంటుంది. అర్జీ మాత్రం, లోపలికి రాకముందే పని మొదలుపెట్టమంటుంది.

తెలుగుకున్న చిక్కులు

మన అర్జీల్లో ఒక అలవాటు ఉంది. ‘విజయనగరం జిల్లా, చీపురుపల్లి మండలం, ఫలానా గ్రామ నివాసి, ఫలానావారి కుమారుడనగు నేను’ అంటూ ‘విషయం’ కూడా చిరునామాతోనే మొదలవుతుంది. పైగా తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కాగితం మీద ఇబ్బంది లేదు. ఫోను తెర మీద పంక్తి సగంలో తెగిపోతుంది, చిరునామా మిగులుతుంది, అసలు సంగతి పోతుంది.

చోటు లెక్క కూడా మనకు గట్టిదే. ఎస్‌ఎంఎస్‌లో ఒక సందేశానికి 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు యూనికోడ్‌లో 16 బిట్లు కావాలి, అందుకే 70తో సరి. ఆ 70 కూడా మనం ఒత్తు, గుణింతం కలిపి పలికే అక్షరాలు కావు. ‘చీపురుపల్లి’ మన నోటికి ఐదక్షరాలు: చీ, పు, రు, ప, ల్లి. యంత్రం దృష్టిలో చకారం వేరు, దాని గుడిదీర్ఘం వేరు, లకారం వేరు, ఒత్తును కలిపే గుర్తు వేరు. లెక్కపెడితే పదకొండు.

విభక్తులది ఇంకో గొడవ. చీపురుపల్లికి, చీపురుపల్లిలో, చీపురుపల్లోళ్లు. మనకు ఊరు ఒకటే, మామూలు వెతుకులాటకు మూడూ మూడు మాటలు. శీర్షికలో ఊరి పేరు అవసరమైతే, దాన్ని ఏ ప్రత్యయమూ తగిలించకుండా ఒక్కసారైనా రాస్తే దొరికే అవకాశం పెరుగుతుంది.

మాట ఎంపిక సంగతి మరీ ముఖ్యం. 1987లో జార్జ్ ఫర్నాస్, తోటి పరిశోధకులు ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు పెట్టే అవకాశం 20 శాతం కన్నా తక్కువని చూపించారు. కాబట్టి రికార్డుల్లో నడిచే మాటనే వాడాలి. లైన్‌మన్ నోట ‘లో వోల్టేజీ’ అనే వస్తుంది, ‘అల్ప విద్యుత్ పీడనం’ అని రాదు. ‘మ్యుటేషన్’, ‘అడంగల్’, ‘1బి’ అన్నవి అచ్చతెలుగు కాకపోవచ్చు, ఆఫీసులో తలుపు తెరిచేవి మాత్రం అవే.

ఒక పంక్తిని బాగుచేద్దాం

మామూలుగా రాసేది ఇది: ‘చీపురుపల్లి మండలం ఫలానా గ్రామం నందు నివసించు నేను గత కొంతకాలంగా ఎదుర్కొనుచున్న కరెంటు సమస్య పరిష్కారం గురించి.’

చిరునామా పైన ఎలాగూ ఉంది, తీసేద్దాం. ‘గత కొంతకాలం’ అంటే ఎంతకాలం? తేదీ పెడదాం. ‘కరెంటు సమస్య’ అంటే సరఫరా లేకపోవడమా, బిల్లు ఎక్కువ రావడమా, తీగ వేలాడటమా? చూసింది రాద్దాం. ‘పరిష్కారం’ అంటే ఎవరు ఏం చేయాలి? అడుగుదాం. ఇప్పుడు పంక్తి ఇలా తయారైంది: ‘బోరు మోటారుకు పగలు లో వోల్టేజీ, జూన్ 3 నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ తనిఖీ కోసం.’

మాటలు తగ్గాయి, సమాచారం పెరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయిందని మనం తీర్పు చెప్పలేదు, చూడమని మాత్రమే అడిగాం. లోపం తీగలో ఉందని లైన్‌మన్ తేల్చినా మన శీర్షిక అబద్ధం కాదు.

రెండు బాధలుంటే రెండు అర్జీలు పెట్టాలి. ‘రోడ్డు, కుళాయి, పింఛను గురించి’ అన్న శీర్షిక మూడు శాఖల మధ్య తిరుగుతుంది, ఏ శాఖా దాన్ని పూర్తిగా తనదనుకోదు. ‘అత్యవసరం’ అన్న మాట కూడా ఊరికే వాడొద్దు. అందరూ అత్యవసరమని రాస్తే స్పార్క్ జోన్స్ లెక్క ప్రకారం దాని బరువూ సున్నాయే. నిజంగా అత్యవసరమైతే ఎందుకో చెప్పే మాట పెట్టండి: ‘బడి గోడ పక్కన తెగిన కరెంటు తీగ.’

అర్జీ మొత్తం రాశాకే ‘విషయం’ రాయండి, చోటు మాత్రం ముందే విడిచిపెట్టండి. రాయడం పూర్తయ్యే దాకా మనకే ఏం కావాలో పూర్తిగా తేలదు. రాశాక సంగతేమీ తెలియని పక్కింటివాళ్లకు ఆ ఒక్క పంక్తి చదివి వినిపించండి. కాగితం ఏ ఆఫీసుకు వెళ్లాలో, అక్కడ ఏం అడుగుతున్నారో వాళ్లు చెప్పగలిగితే సంతకం పెట్టి ఇచ్చేయండి. చెప్పలేకపోతే ఆ పంక్తిని తిరగరాయండి.